గోడ మోచెయ్యి

గోడ రోడ్డు మీద నడిచొస్తుంటే ఎదురుగా వచ్చే బస్సు కూడా ఒక్క క్షణం ఆగి ఆలోచించుకుంటుందని చెప్పుకుంటారు. అబద్ధమనుకుంటే ఆ బస్సు నడిపే డ్రైవరమ్మనే అడగండి. ఆవిడా గోడ జట్టులోనే ఆడుతుంది. ఆలోచించుకున్న మాట నిజమేనంటుంది.

గోడ అంటే ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, రోలర్ డెర్బీ ఆటలోకి దిగిన దగ్గర్నుంచీ ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే తనే వెనక్కి తిరిగి చూడదు. ఒకసారి ఆట మధ్యలో ఆవిడ తుమ్మితే అవతలి జట్టు చుక్కమ్మ వెళ్ళి జనం బల్లల మీద పడిందంటారు. అది మాత్రం పూర్తి నిజం కాదు. తుమ్మింది నిజం, పడింది నిజం, మధ్యలో భుజం కూడా తగిలింది.

చుక్కమ్మ అంటే ఎవరో తెలియాలంటే ఆట తెలియాలి. అదేం బ్రహ్మవిద్య కాదు. నేలమీద కోడిగుడ్డు ఆకారంలో గీసిన బాట. కాళ్ళకి చక్రాల బూట్లు. జట్టుకి ఐదుగురు ఆడవాళ్ళు. ఐదుగురిలో ఒకతె హెల్మెట్ మీద చుక్క కుట్టిన తొడుగు వేసుకుంటుంది. ఆవిడే చుక్కమ్మ. అవతలి జట్టు నలుగుర్నీ తోసుకుని బయటపడి, బాటంతా చుట్టి వచ్చి, మళ్ళీ ఆ నలుగుర్నీ దాటాలి. అలా రెండోసారి దాటిన ప్రతి మనిషికీ ఒక పాయింటు. మిగతా నలుగురూ గోడ కట్టి అవతలి చుక్కమ్మని ఆపాలి. ఆ నలుగురిలో ఒకతె హెల్మెట్ మీద గీత ఉంటుంది. చుక్కమ్మ ఎక్కడైనా ఇరుక్కుపోతే తన తొడుగు తీసి గీతమ్మకి ఇచ్చెయ్యొచ్చు. విసరకూడదు, చేతికి చెయ్యి అందించాలి. ఇచ్చాక గీతమ్మ చుక్కమ్మ అయిపోతుంది, చుక్కమ్మ వెళ్ళి గోడలో నిలబడాలి. ఆట ఇంతే. మిగతాదంతా దెబ్బలు.

గోడ ఎప్పుడూ గీతమ్మే. చుక్క ఎప్పుడూ తూనీగదే. తూనీగ కూడా లాండ్రీలోనే పనిచేస్తుంది. గోడ పట్టుకున్న దుప్పటికి అటు చివర ఉంటుంది. గాలి గట్టిగా వీస్తే దుప్పటితో పాటు పోతుందని భయపడి చక్రాల బూట్లు తొడిగింది గోడే. ఆ బూట్లు తొడిగాక గాలికే దీన్ని అందుకోవడం కష్టమైపోయింది.

ఆదివారం రేవు జట్టుతో ఫైనల్. ఆ వారం మొదట్లో ఒక పొద్దున, గోడ మొగుడు చుట్టచుట్టిన కాగితం ఒకటి చంకలో పెట్టుకుని తన మంగలిషాపు నుంచి ఇంటికొచ్చాడు.

"అమ్మా! ఇదిగో నీ కోడలి ఆట పోస్టరు! షాపులో అంటించుకోమని ఒకటి, ఇంటికొకటి ఇచ్చారు."

అత్తగారు కుట్టుమిషను మీంచి కాళ్ళు తియ్యకుండానే కాగితం అందుకుంది. ఆ వీధిలో ఆవిడ చేతిమీదుగా పోని చొక్కా లేదు. జట్టు బనీన్లు, ప్యాంట్లు, హెల్మెట్ తొడుగులు, అన్నీ ఆవిడ కుట్టినవే. కుడుతూ తిట్టినవే. కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని పోస్టరు మొత్తం ఒకసారి చూసింది. తిరగేసి వెనక కూడా చూసింది.

"ఒరేయ్, నీ పెళ్ళాం ఏదిరా ఇందులో?"

"ఉంటుందిలే అమ్మా, జట్టు కదా."

"జనం తలకాయలు చూసీ చూసీ నీకు మనుషులు కనపడ్డం మానేశారు. ఉందో లేదో చూడు."

మొగుడు చూశాడు. పోస్టరు నిండా తూనీగ ఒక్కతే. ఒక కాలు గాల్లో, పళ్ళన్నీ బయట, నెత్తిన తెల్లటి చుక్క. కుడిపక్క అంచు దగ్గర మాత్రం ఎవరిదో ఒక మోచెయ్యి పొడుచుకొచ్చింది. నల్ల ప్యాడు తొడిగిన మోచెయ్యి. భుజం దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోయింది.

అత్తగారు సూది పట్టే వేలు తీసుకెళ్ళి సరిగ్గా ఆ ప్యాడు మీద పెట్టింది.

"ఇది నా కుట్టు."

"ఏదమ్మా?"

"నల్లదారం అయిపోతే ఎర్రదారంతో అడ్డకుట్టు వేశాను గుర్తుందా? ఇదిగో, ఇక్కడ. ఇది మన పిల్ల మోచెయ్యి. మిగతా పిల్లని ఎక్కడ పారేశార్రా?"

గోడ వంటింటి గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడి ఉంది. ఆ ఫొటో తీసిన రోజు తనకి గుర్తే. నలుగురూ భుజాలు కలిపి దారి చేస్తే ఆ సందులోంచి తూనీగ ఎగిరింది. ఫొటోలో నలుగురూ పడ్డారు కూడా, ఫొటోగ్రాఫరే చూపించాడు.

"పోనీలెండత్తయ్యా, నాకు మోచెయ్యన్నా మిగిలింది. డ్రైవరమ్మకి అదీ లేదు," అని నవ్వింది.

ఇంట్లో అందరూ నవ్వారు. గ్లాసులో టీ మాత్రం అలాగే చల్లారిపోయింది.

లాండ్రీలో కూడా పోస్టరు ముందే వచ్చి కూర్చుంది. సూపర్‌వైజరు దాన్ని ఇస్త్రీ రోలరు పైన, ఆవిరి తగలని చోట చూసి మరీ అంటించాడు.

ఆ రోలరు పని ఒంటరిగా అయ్యేది కాదు. పిండే మిషనులోంచి దుప్పట్లు తాళ్ళలాగా మెలిపడి వస్తాయి. ఒకళ్ళు మెలిక విప్పి ఒక మూల తను పట్టుకుని, రెండో మూల అవతలి మనిషికి అందించాలి. ఇద్దరూ ఒకేసారి జాడించాలి. ముడత పోయిన ఆ క్షణంలోనే అంచు రోలరుకి తినిపించాలి. ఆలస్యమైతే మడత పడుతుంది, తొందరపడితే వేళ్ళు కాల్తాయి. మూల జారి నేలమీద పడిందా, ఆస్పత్రి దుప్పటి కాబట్టి మళ్ళీ ఉతుక్కే పోవాలి. గోడా తూనీగా మూలలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు చూసుకోరు. చూసేంత తీరిక రోలరు ఇవ్వదు. చెయ్యి చాపితే మూల అక్కడ ఉంటుంది.

సూపర్‌వైజరు పోస్టరు కింద నిలబడి చేతులు దులుపుకున్నాడు.

"ఏమ్మా తూనీగా, నువ్వు తడిబట్టల బండి ముట్టుకోకు. ఆదివారం దాకా ఆ కాళ్ళు ఆస్పత్రి ఆస్తి. గోడా, బండి నువ్వు తోసెయ్."

"ఆదివారం నేనూ ఆడుతున్నానండీ," అంది గోడ.

"నువ్వాడేదేముంది, నిలబడ్డమేగా? ఆ నిలబడేదేదో బండి దగ్గర నిలబడు."

మడతబల్ల దగ్గర కొందరు నవ్వారు. నవ్వనివాళ్ళు కూడా ఏమీ అనలేదు. గోడ వెళ్ళి బండి పట్టుకుంది. తడిదుప్పట్ల బండి ఎంత బరువంటే, ఒకసారి అది నేలలో దిగబడితే కింది అంతస్తువాళ్ళు ఫిర్యాదు చేశారంటారు. కింద అంతస్తే లేదు. బరువు మాత్రం నిజం. గోడ భుజం ఆనించి, మోకాళ్ళు వంచి, ఆటలో అవతలివాళ్ళని నెట్టినట్టే నెట్టింది.

మళ్ళీ రోలరు దగ్గరికొచ్చేసరికి తూనీగ మొహం దుప్పటికంటే తెల్లగా ఉంది.

"అక్కా, ఒట్టు, నాకు తెలీదు. అలా కత్తిరిస్తారని నాకు చెప్పలేదు."

"కత్తెర నీ చేతిలో ఉందా ఏంటి? పట్టు."

జాడించారు. అంచు లోపలికి వెళ్ళింది. ఆవిరి లేచింది.

"నా మీద కోపమా?"

"కోపం లేదే. కానీ ఆదివారం అయ్యాక చక్రాలు అటకెక్కించేస్తా. నడుం మీద ఒక దెబ్బ, తుంటి మీద ఒక దెబ్బ, పక్కటెముక ఒకటి ఇప్పటికీ దగ్గితే పలకరిస్తుంది. ఇంతా చేసి మోచెయ్యి. చాల్లే."

తూనీగ చెయ్యి చాపడం మర్చిపోయింది. దుప్పటి మూల జారి నేలమీద పడింది. వాళ్ళిద్దరి మధ్యా మూల పడ్డం లాండ్రీలో అదే మొదటిసారి. గోడ దాన్ని తీసి ఉతికే బుట్టలో పడేసింది.

గోడ మనసులో మాట ఇంట్లో చెప్పలేదు. అత్తగారికి చెప్పకపోవడం పెద్ద కష్టం కూడా కాలేదు, ఎందుకంటే ఆవిడ ఇంట్లో ఉంటేగా! బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దముక్క పట్టుకుని వీధి మీద పడింది. బస్‌స్టాపులో ఒక పోస్టరు, పాలబూత్ గోడకి ఒకటి, కొడుకు షాపు అద్దం పక్కన ఇంకొకటి. ప్రతి పోస్టరు మీదా మోచేతికి గురిపెట్టి ఇంత పొడుగు బాణం గీసి, దాని తోకలో 'ఇది మా కోడలు' అని రాసింది. సుద్ద చెరిపేస్తే మళ్ళీ రాసింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళకి బస్సు వచ్చేదాకా చెప్పింది. బస్సు వస్తే ఎక్కి, డ్రైవరమ్మ పక్కన నిలబడి, లోపలివాళ్ళకి కూడా చెప్పింది.

"దిగండి పిన్నిగారూ, మీ స్టాపు దాటి రెండు స్టాపులైంది," అంది డ్రైవరమ్మ.

"నాకు స్టాపు లేదమ్మా. నువ్వు నడుపు."

అలా జట్టంతటికీ తెలిసిపోయింది. ప్రాక్టీసు లేని రోజు సాయంత్రం గోడ పని నుంచి ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు చెప్పులు తొక్కుకునేంతగా ఉన్నాయి. లోపల కుట్టుమిషను చుట్టూ డ్రైవరమ్మ, పళ్ళ డాక్టరు, లెక్కల టీచరు కింద కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కళ్ళ ఒళ్ళో మోచేతి ప్యాడ్లు. ఆ ప్యాడ్ల వాసన గురించి ఎంత చెప్పినా తక్కువే. పక్కింటి పిల్లి ఆ సాయంత్రమే ఇల్లు మారింది.

"ఇదేంటే?" అంది గోడ.

"మాకూ ఎర్రకుట్టు కావాలి," అంది పళ్ళ డాక్టరు. "ఇక ఎవరి మోచెయ్యి మిగిలినా నీదే అనుకోవాలి వాళ్ళు."

"పోస్టరు వేసినవాళ్ళని పిలిచి మందలిద్దామన్నాను నేను," అంది లెక్కల టీచరు. "పిన్నిగారే వద్దన్నారు. మందలిస్తే మర్చిపోతారట, కుడితే ఉంటుందట."

అత్తగారు పళ్ళతో దారం కొరికి, పళ్ళ డాక్టరు వైపు ఉరిమి చూసింది. "ఊరికే కూర్చోకపోతే నువ్వు రెండు కుట్లు వెయ్యకూడదూ? పొద్దస్తమానం నోట్లో కుడతావుగా!"

"కుట్టేదాన్ని కాదండీ, పీకేదాన్ని."

"అందుకే నీ ప్యాడు ఇలా ఏడ్చింది. ఇటివ్వు."

అందరూ విరగబడి నవ్వుతుంటే, తలుపు దగ్గర ఇంకొకతె నిలబడి ఉన్నట్టు గోడకే ముందు కనిపించింది. తూనీగ. ప్యాడు చేతిలో ఉంది గానీ కాలు గడప దాటలేదు.

అత్తగారు కూడా చూసింది. "లోపలికి రావే. ఆ గాలికి కొట్టుకుపోతావు."

"నాకూ కుడతారాండీ?"

"నీకు కుట్టకపోతే ఎవరికి కుడతాను! పోస్టరంతా నువ్వే ఉన్నావు. నీ చేతిమీదే నా కుట్టు లేదు, ఎంత సిగ్గుచేటు నాకు! ఇలా ఇవ్వు."

తూనీగ వచ్చి కూర్చుంది. సంచీలోంచి చుక్క తొడుగు కూడా తీసింది. "పిన్నిగారూ, ఇది కూడా కాస్త బిగించండి. మొదట్నుంచీ నాకు వదులే. క్లిప్పులు పెట్టుకుని ఆడుతున్నా."

అత్తగారు తొడుగు అందుకుని, ఎలాస్టిక్ ఒకసారి లాగి చూసి, మళ్ళీ తూనీగ ఒళ్ళో పడేసింది. "అది అలాగే ఉండనీ. క్లిప్పులు పెట్టుకో."

అత్తగారు మిషను తొక్కడం మొదలెట్టింది. అప్పుడు తూనీగ ఉండబట్టలేక అనేసింది.

"అక్క మానేస్తానంటోందండీ. ఆదివారంతో సరి అంటోంది."

మిషను ఆగింది. డ్రైవరమ్మ గోడ వైపు చూసింది, లెక్కల టీచరు నేలవైపు చూసింది. గోడకి తూనీగ నోరు కూడా రోలరుకి తినిపించెయ్యాలనిపించింది.

అత్తగారు మళ్ళీ చక్రం తిప్పింది. "మానేస్తే మానెయ్యనీ. దాని ఒళ్ళు, దాని ఇష్టం. దెబ్బలకి కాపడం పెట్టేది నేను, నాకు తెలీదా? కానీ నేను వేసిన కుట్టు ఇంకో రెండేళ్ళు ఆగుతుంది. అదొక్కటే నా బాధ."

"అందుకే నేనొకటి అనుకున్నా," అంది తూనీగ గబగబా. "ఆదివారం మొదటి రౌండులోనే చుక్క తీసి అక్కకిచ్చేస్తా. ఫొటోలు వాళ్ళే తీస్తారు."

గోడ లేచి నిలబడింది. ఆవిడ లేస్తే గదిలో వెలుతురు కొంచెం తగ్గుతుంది.

"నా మీద జాలిపడతావా?"

"జాలి కాదక్కా..."

"రోలరు దగ్గర నాకు మూల ఎప్పుడిస్తావు? నేను పాపం అనిపించినప్పుడా, నీ చెయ్యి ఖాళీ లేనప్పుడా?"

"చెయ్యి ఖాళీ లేనప్పుడు."

"మరి ఇదీ అంతే. దయతో ఇచ్చావో, చేతిలో పెట్టింది తీసుకెళ్ళి నీ నెత్తినే కొడతా. పని పడితే ఇవ్వు, తీసుకుంటా. లేదంటే గీతతోనే వచ్చాను, గీతతోనే పోతా."

తూనీగ తలూపింది. అత్తగారు చివరి ప్యాడు పక్కన పెట్టి ఎర్రదారం కండె ఎత్తి చూసింది. కండె ఖాళీ అయిపోయింది.

ఆదివారం సాయంత్రానికి పాత గోదాం కిక్కిరిసిపోయింది. అక్కడే బాట గీసి, చుట్టూ బల్లలు వేసి ఆడిస్తారు. అత్తగారు వీధి వీధినే వెంటబెట్టుకొచ్చింది. పాలబూత్ ఆయన వచ్చాడు. మంగలిషాపులో సగం గడ్డం గీయించుకున్నాయన మిగతా సగం సబ్బుతోనే వచ్చాడు. షాపాయన వచ్చేస్తే మరేం చేస్తాడు? సూపర్‌వైజరు ముందు వరసలో కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

రేవు జట్టుకి కెప్టెన్ లంగరు. ఓడల్లో సామాను దించే మనిషి. ఆవిడ ఒకసారి తీరం వైపు అలిగి కూర్చుంటే ఓడలు కదల్లేదంటారు. గోడా లంగరూ ఎదురుపడి నిలబడినప్పుడు మధ్యలో ఉన్న రిఫరీ ఎందుకైనా మంచిదని ఒకడుగు పక్కకి జరిగాడు.

ఆట మొదటినుంచీ నువ్వా నేనా అన్నట్టు నడిచింది. తూనీగ సందు దొరికితే దూరింది, దొరక్కపోతే డ్రైవరమ్మ సందు చేసింది. పళ్ళ డాక్టరు ఒకసారి పడి లేచి, నోట్లో వేలు పెట్టుకుని చూసుకుని, అన్నీ ఉన్నాయని చెయ్యి ఊపింది. గోడ రేవు చుక్కమ్మకి అడ్డంగా నిలబడింది. గుండెమీద తగిలిన దెబ్బ గుండెమీదే, వీపుమీద తగిలింది వీపుమీదే ఉంచుకుంది. తూనీగ దాటిన ప్రతిసారీ గోదాం ఎగిరిపడింది. గోడ ఆపిన ప్రతిసారీ ఏ చప్పుడూ లేదు. ఆపితే ఏమీ జరగదు కదా. ఏమీ జరక్కపోవడానికి చప్పట్లు ఎవరు కొడతారు?

ఆఖరి రౌండుకి వచ్చేసరికి రేవు జట్టు నాలుగు పాయింట్లు పైన ఉంది.

విజిల్ ఊదారు. తూనీగ ముందుకి దూకింది. లంగరు అడ్డం నిలబడింది, అంతే. తూనీగ ఎడమకి పోతే లంగరు ఎడమన ఉంది, కుడికి పోతే కుడిన ఉంది. మిగతా ముగ్గురూ వచ్చి మూశారు. తూనీగ లంగరు నడుముకీ బాట అంచుకీ మధ్య, రోలరులో పడ్డ రుమాల్లా ఇరుక్కుపోయింది. ఒక్కడుగు పక్కకి జారితే బాట బయటికి పోతుంది.

గోడ అప్పటికి రేవు చుక్కమ్మని వీపుతో ఆపి ఉంది. వెనక్కి తిరిగి చూసే వీల్లేదు. చూసిందా, ఇటు దారి తెరుచుకుంటుంది.

"అక్కా! చెయ్యి ఖాళీ లేదు!"

గోడ చూడలేదు. చెయ్యి వెనక్కి చాపింది. ఎంత ఎత్తులో, ఎంత దూరంలో చాపాలో ఆ చేతికి తెలుసు. అరచేతిలోకి మెత్తటి గుడ్డ మూల వచ్చి పడింది.

చుక్క తొడుగు హెల్మెట్ మీదకి లాక్కుంది. తూనీగ తలమీద క్లిప్పులు పెట్టినా నిలవని తొడుగు గోడ తలకి పట్టేసినట్టు కూర్చుంది. ఒక్క ముడత లేదు. కొలత ఎవరి నెత్తిమీద తీసుకున్నదో అప్పుడు తెలిసింది. బల్లమీద అత్తగారు అప్పటికే లేచి నిలబడి ఉంది.

తూనీగ వచ్చి గోడ ఖాళీ చేసిన చోట, డ్రైవరమ్మకీ లెక్కల టీచరుకీ మధ్య దూరి భుజం కలిపింది. రేవు చుక్కమ్మ ఇదే సందు అనుకుని వచ్చి గుద్దింది. తూనీగ నోట్లోంచి గాలి మొత్తం పోయింది. అయినా కదల్లేదు.

పళ్ళ డాక్టరు ఒక్క ఉదుటున వెళ్ళి లంగరుని పక్కనుంచి తగిలింది. ఏనుగుని గోరింక తగిలినట్టు తగిలింది గానీ, లంగరు తల తిప్పి చూసింది. గోడకి అది చాలు. మోకాళ్ళు వంచి, భుజం ఆనించి, తడిబట్టల బండి నెట్టినట్టు నెట్టుకుంటూ బయటపడింది.

గోడ పరిగెత్తడం ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. బాట కింద నేల మూలిగిందంటారు. గోదాం రేకులు దడదడలాడాయంటారు. మలుపు తిరిగేటప్పుడు ఆ గాలికి సగం గడ్డం ఆయన సబ్బు ఎగిరిపోయిందని ఆయనే స్వయంగా చెప్తాడు. గోడకి మాత్రం ఏమీ వినపడలేదు. మలుపు తిరిగి వచ్చేసరికి ఎదురుగా తన జట్టు వెనకనుంచి కనపడింది.

అన్నేళ్ళు ఆ గోడలో నిలబడింది గానీ, దాన్ని వెనకనుంచి ఎప్పుడూ చూడలేదు. తూనీగ రోజూ చూసేది ఇదా అనుకుంది. నాలుగు వీపులు చెమటకి తడిసి ఒకే గుడ్డలా అతుక్కుపోయి ఉన్నాయి. మోచేతులు ఒకదాంట్లో ఒకటి మెలేసుకున్నాయి, ఎవరి చెయ్యి ఎక్కడ మొదలైందో తెలియట్లేదు. అన్నింటి మీదా ఎర్రకుట్టు. రేవు చుక్కమ్మ గుద్దుతుంటే నాలుగు వీపులూ ఒకేసారి వంగి ఒకేసారి లేస్తున్నాయి. మధ్యలో ఆ సన్నటి వీపు తూనీగది. దెబ్బ దెబ్బకీ వణుకుతోంది, పడట్లేదు.

ఎంత బాగుందో, అనుకుంది గోడ. ఎవరూ ఫొటో తియ్యరేం?

రేవు వాళ్ళమీదికి వచ్చిపడింది. మొదటామెని దాటింది. రెండో ఆమె తప్పుకుందో పడిందో చూడలేదు. మూడో ఆమెకి భుజం ఇచ్చి దాటింది. ఎదురుగా లంగరు. ఇద్దరూ తుంటికి తుంటి తగిలి ఆగిపోయారు. ఇటు గోడ, అటు లంగరు. ఇద్దరి చక్రాలూ కీచుమంటున్నాయి, ఇద్దరిలో ఒక్కళ్ళూ అంగుళం కదలట్లేదు.

పొడుగు విజిల్ ఊదారు.

మూడు పాయింట్లు. ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

జనం లేవబోయారు. అప్పుడు వెనక బల్లలమీంచి ఒక ముసలి గొంతు లేచింది. "మోచెయ్యి!" పాలబూత్ ఆయన అందుకున్నాడు. బస్‌స్టాపులో బాణం చూసినవాళ్ళంతా అందుకున్నారు. "మోచెయ్యి! మోచెయ్యి!" అని కాళ్ళతో బల్లలు వాయించారు. గెలిచిన రేవు వాళ్ళు తమకే ఏదో అయిందనుకుని చేతులు తడుముకున్నారు.

లంగరు నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది. "ఏమ్మా, నువ్వు గోడవి కదా? నీకా చుక్క ఎక్కడిది?"

"మా అత్తగారు కుట్టింది."

"మాకూ కుడుతుందా?"

"తిడుతూ కుడుతుంది. ఫరవాలేదా?"

"నేను ఓడల దగ్గర పనిచేసేదాన్ని. తిట్లు నాకేం కొత్త?" అని లంగరు గోడని వాటేసుకుంది. ఆ కౌగిలికి రిఫరీ ఇంకో అడుగు పక్కకి జరిగాడు.

తూనీగ నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పక్కటెముకలు తడుముకుంటోంది. "అమ్మో. అమ్మోయ్. రోజూ ఇదేనా అక్కా నువ్వు తినేది?"

"రోజూ ఇదే. ఫైనల్ రోజు కాస్త వడ్డింపు ఎక్కువ," అని గోడ చెయ్యి చాపింది. తూనీగ అందుకుని లేచింది.

అంతలోకి ఫొటోగ్రాఫరు వచ్చాడు, పెద్ద కెమెరా మెళ్ళో వేసుకుని. "అమ్మా, మీరేనా ఆఖర్లో చుక్క పెట్టుకున్నది? ఇలా వెలుతుర్లోకి రండి. ఒక్కరే రండి. వచ్చే సీజను పోస్టరుకి."

ముందు వరసలోంచి సూపర్‌వైజరు కూడా, "వెళ్ళు గోడా, వెళ్ళు," అన్నాడు, తనే పంపిస్తున్నట్టు.

గోడ వెలుతుర్లోకి వెళ్ళింది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. డ్రైవరమ్మ, పళ్ళ డాక్టరు, లెక్కల టీచరు, తూనీగ వచ్చి పక్కన నిలబడ్డారు.

"అందరూ ఎందుకమ్మా, ఇరుకవుతుంది. కాస్త ఎడంగా జరగండి పోనీ."

"ఎడంగా జరిగితే నీ కత్తెరకి దారి దొరుకుతుంది," అంది గోడ. "మెలెయ్యండే."

ఐదుగురూ మోచేతులు మెలేశారు. భుజాలు కలిపారు. మోకాళ్ళు వంచారు.

"ముందు నుంచి కాదు నాయనా. వెనక్కి రా. అక్కడ్నుంచి తియ్యి."

"మొహాలు కనపడవమ్మా!"

"మొహాలు ఇంట్లో చూసుకుంటాంలే. ఎక్కడ కత్తిరిస్తావో చూపించి మరీ తియ్యి."

ఫొటోగ్రాఫరు వెనక్కి వెళ్ళాడు. కెమెరా ఎత్తి, అటు చూసి ఇటు చూసి, కొంచెంసేపు నొక్కలేదు. ఎవరి చెయ్యి ఎవరిదో వెతుకుతున్నాడు కాబోలు. తర్వాత నొక్కాడు.

మర్నాడు లాండ్రీలో తడిబట్టల బండి ఎవరికి పురమాయించాలో తెలియక సూపర్‌వైజరు గొంతు సవరించుకుంటుంటే, తూనీగ వెళ్ళి ఒక పక్క పట్టుకుంది. పక్కటెముకల మీద చెయ్యి వేసుకునే పట్టుకుంది. గోడ రెండో పక్క పట్టుకుంది. బండి ఏ చప్పుడూ లేకుండా కదిలింది. సూపర్‌వైజరు పోస్టరు వైపు చూస్తూ పక్కకి తప్పుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక గోడ సంచీలోంచి మోచేతి ప్యాడు తీసి కుట్టుమిషను మీద పెట్టింది. లంగరు తాకిడికి ఎర్రదారం సగం ఊడి వేలాడుతోంది.

"ఇంకో రెండేళ్ళు ఆగుతుందన్నారు, ఏదత్తయ్యా?"

అత్తగారు ప్యాడు తిప్పి చూసింది. "ఆ ఓడలమ్మ వచ్చి తగులుతుందని నాకు చెప్పావా? ఎప్పటికి కావాలి?"

"బుధవారం ప్రాక్టీసు."

అత్తగారు ప్యాడు ఒళ్ళో పెట్టుకుంది. కొత్త దారం కండె విప్పి, సూదికన్ను వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

కొత్త పోస్టరు వచ్చిన రోజు ఆవిడ బస్‌స్టాపుకి అందరికంటే ముందు చేరింది. సుద్దముక్క తెచ్చుకోలేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ పట్టుకుని అడిగింది.

"ఇందులో మా కోడలెవరో చెప్పండి చూద్దాం?"

చెప్పడానికేముంది! ఐదు వీపుల్లో ఒక వీపు మిగతా రెండు వీపులంత ఉంది. అందరూ ఒకేసారి దానిమీద వేలు పెట్టారు.

"ఒక్కదాన్నే చూపిస్తారేంటి?" అని అత్తగారు కసిరింది. తన వేలు తీసుకెళ్ళి పోస్టరు ఈ చివరినుంచి ఆ చివరిదాకా, మోచెయ్యి మీంచి మోచేతి మీదికి, ఎక్కడా ఎత్తకుండా నడిపించింది. "కుట్టు చూడండి. అందరూ మావాళ్ళే."